మాత్రలకూ ఆపరేషన్‌కూ మధ్య గడిచిపోయే ఏళ్లు

“నాలుగైదేళ్లకు మళ్లీ చేయించుకోవాల్సి వచ్చేదానికి ఇప్పుడెందుకండీ? చేయించుకునేదేదో టీయూఆర్‌పీయే చేయించేసుకోండి, ఒక్కసారితో పోతుంది.”

ఒక యూరాలజిస్ట్ మా బాబాయితో అన్న మాట ఇది. నేను పక్కనే ఉన్నాను. వయసుతో పెరిగి మూత్రానికి అడ్డుపడే ప్రోస్టేట్ గ్రంథికి ఆవిరితో చేసే చికిత్స ఏదో వచ్చిందట, నాకు పనికొస్తుందా అని బాబాయి అడిగితే వచ్చిన జవాబు. డాక్టరుగారు అబద్ధం చెప్పలేదు. టీయూఆర్‌పీ అంటే మూత్రనాళం గుండా పరికరం పంపి, పెరిగిన ప్రోస్టేట్‌ను లోపలినుంచి చెక్కి తీసే ఆపరేషన్. మన్నికలో దానికి సాటివచ్చేవి తక్కువే. కానీ ఆ మాట విన్నాక బాబాయి టీయూఆర్‌పీకి ఒప్పుకోలేదు, ఆవిరి చికిత్స ఊసు మళ్లీ ఎత్తలేదు. పాత మాత్రలే ఇంకో ఆర్నెల్లకు రాయించుకుని ఇంటికొచ్చేశారు. దారి పొడవునా ఆయన ముఖంలో గండం గడిచిందన్న ఊరటే కనిపించింది.

అప్పటినుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడింది. యూరోలిఫ్ట్, రెజూమ్ (బాబాయి అడిగిన ఆవిరి చికిత్స ఇదే) లాంటి మినిమల్లీ ఇన్వేసివ్, అంటే ఒంటిని తక్కువ కష్టపెట్టే, చికిత్సలను తెచ్చి టీయూఆర్‌పీ పక్కన నిలబెట్టి, ‘ఇవి అంతకాలం పనిచేయవు’ అని తోసేయడం సరైన తూకం కాదు. చాలామంది మగవాళ్లు ఏదీ చేయించుకోకుండానే, ఓర్చుకుంటూ, మాత్రలు మింగుతూ పదేళ్లు గడిపేస్తున్నారు. ఈ చికిత్సలను పోల్చాల్సింది ఆ పదేళ్లతో. అలా పోల్చి చూస్తే లెక్క చాలా మారిపోతుంది.

ఓపిక పట్టినన్నాళ్లూ ఏం జరుగుతుంది

“వయసు మీద పడ్డాక ఇదంతా మామూలేరా” అనేవారు బాబాయి. మామూలే, కాదనను. పోస్ట్‌మార్టం పరీక్షల్లో చూస్తే యాభైల్లో ఉన్న మగవాళ్లలో సుమారు సగం మందికి, ఎనభై దాటినవాళ్లలో పదిమందికి ఎనిమిది మందికి పైగా ప్రోస్టేట్ పెరిగి కనిపిస్తుంది. కానీ అందరికీ వచ్చేదైనంత మాత్రాన హాని చేయనిదని అర్థం కాదు.

ఆయన ప్రయాణం ఎలా ఉండేదో నాకు తెలుసు. ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తగ్గించేవారు. బస్సులో తలుపు దగ్గరి సీటే కావాలి. బయల్దేరేముందు బాత్రూమ్‌కు వెళ్లొచ్చి, చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పి ఇంకోసారి వెళ్లేవారు. రాత్రిళ్లు గోడకు ఒక చెయ్యి ఆనించి, ధార ఎప్పుడు మొదలవుతుందా అని నిలబడి ఉండేవారు. బాత్రూమ్ లైటు ఆరేదాకా పిన్నికి నిద్ర పట్టేది కాదు. ఉదయం లేచాక ఇద్దరూ ఆ సంగతి మాట్లాడుకునేవారు కాదు.

ఐపీఎస్ఎస్ అనే ప్రశ్నాపత్రం ఒకటుంది. ఏడు ప్రశ్నలు, మొత్తం 35 మార్కులు. ఏడు దాకా వస్తే మూత్రపు ఇబ్బంది స్వల్పం, ఎనిమిది నుంచి పంతొమ్మిది దాకా మధ్యస్థం, ఇరవై, ఆపైన వస్తే తీవ్రం. వీటికి తోడు ఎనిమిదో ప్రశ్న ఒకటి విడిగా ఉంటుంది: ఇప్పుడున్న ఈ స్థితితోనే మిగిలిన జీవితమంతా గడపాల్సి వస్తే మీకెలా ఉంటుంది? నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ ప్రశ్నే. బాబాయి దానికి ‘ఫరవాలేదు’ అని టిక్కు పెట్టారు. నీళ్లు తాగడం మానేసి, ప్రయాణాలు తగ్గించుకుని, పెళ్లిళ్లకు వెళ్లడం మానేసి, అలా కుదించుకున్న బతుకు ఆయనకు ఫరవాలేదు. ఇబ్బందికి తగ్గట్టు మనిషి తన్ను తాను మార్చేసుకుంటాడు కాబట్టి ఆ మార్కులు అసలు బాధను తక్కువ చేసి చూపిస్తాయి.

ఈలోపు లోపల బ్లాడర్ (మూత్రాశయం) మీద బరువు పడుతూనే ఉంటుంది. ఇరుకైన దారిలోంచి మూత్రాన్ని నెట్టడానికి దాని కండరం ఎక్కువ శ్రమ పడి ముందు మందమవుతుంది. ఇంకా ఏళ్లు గడిస్తే కొందరిలో అలిసిపోతుంది. అప్పుడు మూత్రం పూర్తిగా ఖాళీ కాదు. మిగిలిపోయిన మూత్రంలో ఇన్ఫెక్షన్లు, రాళ్లు. మరీ ముదిరితే వెనక్కి ఒత్తిడి పడి కిడ్నీలు ఉబ్బుతాయి. దారికున్న అడ్డు తీసేయడం డాక్టరు చేతిలో పని. అలిసిపోయిన కండరానికి బలం తెచ్చిపెట్టడం మాత్రం ఎవరి చేతిలోనూ లేదు.

బాబాయికి జలుబు చేసింది. మందుల షాపులో అడిగి ముక్కు దిబ్బడకు మాత్రలు తెచ్చుకున్నారు. అలాంటి వాటిలో చాలావాటిలో ఉండే డీకంజెస్టెంట్ మందు బ్లాడర్ మెడ దగ్గర, ప్రోస్టేట్‌లో ఉండే కండరాన్ని ఇంకా బిగిస్తుంది. అలర్జీకి వాడే కొన్ని పాత మందులు బ్లాడర్‌నే మందగింపజేస్తాయి. ఆ రాత్రి ఆయనకు మూత్రం పూర్తిగా ఆగిపోయింది. తెల్లవారుజామున ఆసుపత్రిలో మూత్రం బయటికి తీసే గొట్టం, కేథటర్, వేస్తే లీటరుకు దగ్గరగా వచ్చింది. మంచానికి తగిలించిన సంచి నిండుతుంటే ఆయన కళ్లు మూసుకుని పడుకున్నారు, చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి. కొన్నాళ్లకు కేథటర్ తీసి చూస్తే మళ్లీ ఆగిపోయింది. చివరికి ఏళ్ల తరబడి తప్పించుకు తిరిగిన టీయూఆర్‌పీయే చేయించుకున్నారు. అంతకుముందు చేసిన యూరోడైనమిక్ పరీక్షలో బ్లాడర్ సరిగా ముడుచుకోవడం లేదని తేలింది. ఆపరేషన్ బాగానే జరిగింది, ధార మెరుగుపడింది. కానీ బ్లాడర్‌లో మూత్రం కొంత మిగిలిపోతూనే ఉంది. ఒకసారి వెళ్లొచ్చి, కాసేపాగి మళ్లీ వెళ్లడం ఇప్పటికీ ఆయనకు తప్పదు.

ముందే ఆవిరి చికిత్స చేయించుకుని ఉంటే ఇదంతా తప్పేదని నేను చెప్పలేను. ఒక మనిషి విషయంలో అలా ఎవరూ చెప్పలేరు. కానీ అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 556 మంది మీద చేసిన ఒక అధ్యయనం ఉంది. కొందరికి వెంటనే టీయూఆర్‌పీ చేశారు, మిగిలినవాళ్లను కనిపెట్టుకుని చూస్తూ ఉన్నారు. 1998లో వచ్చిన ఐదేళ్ల ఫలితాల ప్రకారం, చూస్తూ ఉన్న వర్గంలో మూడోవంతుకు పైగా మంది ఆ తర్వాత ఆపరేషన్‌కే వచ్చారు. అలా ఆలస్యంగా వచ్చినవాళ్లకు మొదట్లోనే చేయించుకున్నవాళ్లంత మేలు జరగలేదు. వాయిదా వేయడం వల్ల పోయేదేమీ లేదన్న ధీమాకు ఆధారం లేదని నాకు అప్పుడర్థమైంది.

మాత్రలను నేను తీసిపారేయను

ఇక్కడ మాత్రల పక్షాన ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. 2003లో వెలువడిన ఎంటాప్స్ అనే మాత్రల అధ్యయనంలో, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో కూడా నాలుగేళ్లలో జబ్బు ముదిరింది సుమారు 17 శాతం మందిలోనే. అంటే ఎక్కువమంది బ్లాడర్‌కు ఆ కాలంలో ముంచుకొచ్చిన ప్రమాదమేమీ లేదు. కండరాన్ని వదులు చేసే ఆల్ఫా బ్లాకర్, గ్రంథిని తగ్గించే ఫినాస్టరైడ్ రెండూ కలిపి వాడినవాళ్లలో ఆ ముప్పు 66 శాతం తగ్గింది. ఇది చిన్న మేలు కాదు. అందరూ పరుగెత్తుకెళ్లి ఏదో ఒకటి చేయించుకోవాలని నేను అనడం లేదు.

అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఆల్ఫా బ్లాకర్ ఒక్కటే వాడినవాళ్లకు ఇబ్బంది తగ్గింది కానీ, మూత్రం ఆగిపోవడం, ఆపరేషన్ అవసరం పడటం దీర్ఘకాలంలో తగ్గలేదు. టాంసులోసిన్, అల్ఫుజోసిన్, సైలోడోసిన్ ఈ జాతివే. బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తాయి. గ్రంథి మాత్రం తన దారిన తాను పెరుగుతూ పోతుంది. దాన్ని తగ్గించే ఫినాస్టరైడ్, డ్యుటాస్టరైడ్‌లకు ఆర్నెల్లకు పైగా పడుతుంది. ప్రోస్టేట్ కేన్సర్ అనుమానంతో చూసే రక్తపరీక్ష పీఎస్ఏ విలువను అవి దాదాపు సగానికి దించేస్తాయి కాబట్టి కేన్సర్ పరీక్ష చేసే డాక్టరుకు ఆ మాత్ర వాడుతున్నామని చెప్పి తీరాలి. టాంసులోసిన్ వాడేవాళ్లు కంటి శుక్లం ఆపరేషన్‌కు ముందు కంటి డాక్టరుకు చెప్పాలి, ఆపరేషన్ మధ్యలో కంటిపాప కండరం అదుపు తప్పే ప్రమాదం ఉంది. మంచం మీంచి లేవగానే కళ్లు తిరగడం, వీర్యం రాకపోవడం, కోరిక తగ్గడం లాంటివి తట్టుకోలేక చాలామంది ఎవరికీ చెప్పకుండానే మానేస్తారు. ఇక సా పామెట్టో లాంటి మూలికల గోళీల సంగతి: 2006లో, 2011లో జాగ్రత్తగా చేసిన రెండు పెద్ద పరీక్షల్లో అవి ఉత్తుత్తి మాత్రకంటే మెరుగని తేలలేదు.

నా అభ్యంతరం మాత్ర మీద కాదు. ఇబ్బంది తగ్గింది కదా అని పరీక్షలు లేకుండా ఏళ్ల తరబడి అదే చీటీ తిరగరాయించుకోవడం మీద.

గదిలో అడగని ప్రశ్న

టీయూఆర్‌పీ అంటే భయం ఎందుకు? నొప్పికని, మత్తుమందుకని, రక్తం పోతుందని అంటారు. ఇవన్నీ ఒకప్పటికంటే బాగా తగ్గాయి. పూర్వం ఆపరేషన్‌లో లోపల కడగడానికి వాడిన గ్లైసిన్ ద్రవం ఒంట్లోకి ఎక్కి సోడియం పడిపోయే ప్రమాదం ఉండేది, బైపోలార్ పద్ధతిలో సెలైన్ వాడటం మొదలయ్యాక ఆ భయం పోయింది. పైన కోత ఉండదు, మూత్రనాళం గుండానే చేస్తారు. 1930ల నుంచి సానబట్టిన పద్ధతి అది.

పైకి చెప్పని భయం ఇంకొకటుంది. టీయూఆర్‌పీ తర్వాత మూడింట రెండొంతుల మందికి వీర్యం బయటికి రాదు, వెనక్కి బ్లాడర్‌లోకి వెళ్లిపోయి తర్వాత మూత్రంతో వచ్చేస్తుంది. ఒంటికి హాని లేదు. అంగస్తంభన సాధారణంగా దెబ్బతినదు. కానీ కొందరు మగవాళ్లకు అది పెద్ద నష్టం. ఆ సంగతి ఆపరేషన్ తర్వాత తెలిస్తే ఇంకా పెద్దది.

బాబాయి ఆ రోజు ఈ ప్రశ్న అడగాలనే వచ్చారు. గదిలో పిన్ని ఉంది, నేనున్నాను, తలుపు దగ్గర తర్వాతి పేషెంటు నిలబడి ఉన్నాడు. “ఇంకేమైనా ఇబ్బందులు వస్తాయా డాక్టరుగారూ?” అని నసిగారు. “మీ వయసుకు అవన్నీ ఏం సమస్య కాదులెండి” అన్నారాయన. ‘అవన్నీ’ అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అక్కడితో ఆపేశారు. బయట మెట్లు దిగుతూ బాబాయి నా భుజం పట్టుకుని, “అరవై దాటితే మగాణ్ని కాకుండా పోతానా?” అన్నారు. అంత నెమ్మదైన మనిషి గొంతులో ఆ కోపం నేనెప్పుడూ వినలేదు.

ఈ వయసులో మీకెందుకు అనే హక్కు డాక్టరుకు లేదని నా గట్టి నమ్మకం. ఏది పోయినా ఫరవాలేదో, ఏది పోకూడదో చెప్పాల్సింది ఆ మనిషి. మినిమల్లీ ఇన్వేసివ్ చికిత్సలు అసలు అవసరమయ్యేది ఇక్కడే. యూరోలిఫ్ట్‌లో దేన్నీ కోయరు, కాల్చరు. అడ్డొచ్చే ప్రోస్టేట్ భాగాలను చిన్న ఇంప్లాంట్లతో పక్కకు లాగి కట్టేస్తారు. రెజూమ్‌లో సుమారు 103 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న ఆవిరిని ఒక్కో చోట తొమ్మిది సెకన్లు పంపిస్తారు, పెరిగిన కణజాలం చచ్చి మెల్లగా ఒంట్లోనే కరిగిపోతుంది. రెండింటిలోనూ వీర్యం రాకుండా పోయే సమస్య చాలా అరుదు. ఆపరేషన్ అంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషిని బ్లాడర్ చెడకముందే చికిత్స దాకా తీసుకురాగలిగేది ఈ ఒక్క తేడానే.

అంకెలు చెప్పేది, చెప్పనిది

ఇప్పుడు డాక్టరుగారి నాలుగైదేళ్ల మాట దగ్గరికొద్దాం. యూరోలిఫ్ట్ మీద 206 మందితో చేసిన పరీక్షలో, చికిత్స పొందినవాళ్లలో ఐదేళ్లలోపు మళ్లీ ప్రొసీజర్ అవసరమైంది 13.6 శాతం మందికి. రెజూమ్ మీద 197 మందితో చేసినదాంట్లో అది 4.4 శాతం. రెండింటిలోనూ సుమారు పదిమందిలో ఒకరు మళ్లీ మాత్రలు మొదలుపెట్టారు. ఐదేళ్ల చివర ఇబ్బంది మార్కులు యూరోలిఫ్ట్‌లో మూడోవంతుకు కొంచెం పైగా, రెజూమ్‌లో దాదాపు సగం తగ్గి ఉన్నాయి. ‘ఎలాగూ మళ్లీ చేయించుకోవాలి’ అనేంత ఘోరమైతే లేదు.

కానీ ఈ అంకెలను నేనూ అనుమానంతోనే చదివాను. మొదటి కారణం, ఈ దారిలో ఇంతకుముందు చాలా బోర్లా పడ్డాయి. 1980ల చివర్లో మూత్రనాళంలో బెలూన్ పెట్టి ఉబ్బించే పద్ధతి వచ్చింది. జనం బాగుందన్నారు. తర్వాత పోల్చి చూస్తే, ఊరికే సిస్టోస్కోప్ (మూత్రనాళంలోంచి లోపలికి చూసే గొట్టం) పెట్టి చూసి వదిలేసినవాళ్లకూ అంతే బాగుంది. 1990ల్లో మైక్రోవేవ్ వేడితో, రేడియో తరంగాల సూదులతో చేసే చికిత్సలు ఇలాగే ఆశలు రేపాయి. సూదుల పద్ధతిని సిఫారసు చేయడం లేదని అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ 2018లో చెప్పేసింది. మైక్రోవేవ్ తర్వాత మళ్లీ చికిత్స అవసరం పడటం ఎక్కువని ముందే చెప్పాలంది. ఇవన్నీ చూసిన సీనియర్ యూరాలజిస్టులు కొత్తదేదైనా రాగానే పెదవి విరిస్తే నేను వాళ్లను తప్పుపట్టను.

రెండోది, మనసు చేసే మాయ. యూరోలిఫ్ట్ పరీక్షలో కొందరికి చికిత్స చేసినట్టు నటించి పంపేశారు. మూడు నెలలకు వాళ్ల మార్కులు కూడా 5.9 తగ్గాయి. మూడు మార్కులు తగ్గితేనే మనిషికి తేడా తెలుస్తుందంటారు. నిజంగా చేయించుకున్నవాళ్లకు 11.1 తగ్గాయి. రెజూమ్‌లో ఈ లెక్క 4.3కు 11.2. అంటే కనిపించే మేలులో గణనీయమైన భాగం ఏదో చేశారన్న నమ్మకం వల్ల వచ్చిందే. ఆ నటన వర్గంవాళ్లకు తర్వాత నిజం చెప్పేసి, కావాలంటే చికిత్స చేయించుకోవచ్చన్నారు. అందుకే ఐదేళ్ల ఫలితాల పక్కన పెట్టి పోల్చడానికి ఎవరూ మిగల్లేదు. మధ్యలో కొందరు పరీక్షలకు రావడం మానేశారు కూడా.

అయినా బెలూన్ కథకూ దీనికీ నాకు తేడా కనిపిస్తోంది. ఇక్కడ ఉత్తుత్తి చికిత్సతో పోల్చి గెలిచాకే ముందుకొచ్చారు. బెలూన్‌ను పడగొట్టిన పరీక్షే వీటిని నిలబెట్టింది. ఐదేళ్లపాటు నమ్మకం ఒక్కటే మోసుకొచ్చే మేలు అంత ఉండదనే నేననుకుంటున్నాను.

రక్తనాళాల దారిలో వెళ్లే పద్ధతి ఇంకొకటుంది, ప్రోస్టేట్ ఆర్టరీ ఎంబోలైజేషన్. బ్రెజిల్‌లో ఫ్రాన్సిస్కో కార్నెవాలే బృందం 2008లో దీన్ని మొదలుపెట్టింది. మణికట్టు దగ్గరో గజ్జల దగ్గరో సన్నని గొట్టం ఎక్కించి, ప్రోస్టేట్‌కు వెళ్లే రక్తాన్ని చిన్న పూసలతో ఆపేస్తారు, గ్రంథి కుంచించుకుపోతుంది. చేసేది యూరాలజిస్ట్ కాదు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్. ఆ మాటకొస్తే, యూరాలజిస్ట్ నోట దీని పేరు తక్కువగా వినిపించడానికి ఇదీ ఒక కారణమేమో అని నా అనుమానం. 2018లో స్విట్జర్లాండ్‌లో 103 మంది మీద చేసిన అధ్యయనంలో ఇబ్బంది మార్కులు దీనితో 9.23, టీయూఆర్‌పీతో 10.77 తగ్గాయి, పెద్ద తేడా లేదు. ధార వేగం మాత్రం దీనితో సెకనుకు 5 మిల్లీలీటర్లు పెరిగితే టీయూఆర్‌పీతో 15 పెరిగింది. మనిషికి హాయిగా అనిపించడం వేరు, అడ్డు నిజంగా పోవడం వేరని ఈ రెండు అంకెలే చెబుతున్నాయి. రెండేళ్లలో అయిదింట ఒకరికి టీయూఆర్‌పీ చేయాల్సొచ్చింది. మత్తుమందు తట్టుకోలేనివాళ్లకు, రక్తం పలుచబడే మందులు ఆపడానికి వీల్లేనివాళ్లకు ఇది మంచి దారే. మిగిలినవాళ్లు ఈ లెక్క తెలుసుకుని వెళ్లాలి.

ఎవరికి వద్దు

నా వాదన పట్టుకుని తప్పుడు మనిషి తప్పుడు చికిత్సకు వెళ్తే నాకు బాధ కలుగుతుంది, అందుకే ఇది కాస్త గట్టిగా చెబుతున్నాను. మూత్రం పదేపదే ఆగిపోతున్నవాళ్లు, బ్లాడర్‌లో రాళ్లున్నవాళ్లు, అడ్డు వల్ల కిడ్నీ పనితీరు పడిపోతున్నవాళ్లు చిన్నవాటితో సరిపెట్టుకోకూడదు. వాళ్లకు టీయూఆర్‌పీయో, గ్రంథి బాగా పెద్దదైతే హోలెప్‌యో కావాలి. హోలెప్‌లో హోల్మియం లేజర్‌తో పెరిగిన భాగాన్ని మొత్తం వలిచి తీస్తారు, న్యూజిలాండ్‌లో పీటర్ గిల్లింగ్ బృందం 1990ల్లో రూపుదిద్దింది. గ్రంథి ఎంత పెద్దదైనా చేయొచ్చు, మళ్లీ చేయాల్సి రావడం చాలా అరుదు. వీర్యం విషయంలో మాత్రం టీయూఆర్‌పీ లాగే, పైగా మొదటి కొన్ని వారాలు కొందరికి మూత్రం కారుతుంది. యూరోలిఫ్ట్, రెజూమ్‌ల పెద్ద పరీక్షలు 80 మిల్లీలీటర్ల లోపు గ్రంథుల మీదే జరిగాయి. నూట ఇరవై ఉన్న గ్రంథికి ఆ ఫలితాలు చూపించి ఒప్పిస్తే అది అమ్మకమే అవుతుంది.

ఈ రెండు కొసల మధ్య ఆక్వాబ్లేషన్ ఉంది. రోబో సాయంతో నీటి ధారతోనే కణజాలాన్ని చెక్కేస్తుంది. మత్తు ఇవ్వాలి, రక్తస్రావం మీద ఒక కన్నేసి ఉంచాలి. 181 మంది మీద జరిగిన పరీక్షలో స్ఖలన సమస్య దీనితో 10 శాతం, టీయూఆర్‌పీతో 36 శాతం. పెద్ద గ్రంథి ఉండి, వీర్యం సంగతి ముఖ్యమనుకునేవాళ్లు దీని గురించి తప్పక అడగాలి.

రాత్రి నాలుగుసార్లు లేవడం ఒక్కటే బాధైతే ఇంకో హెచ్చరిక. అన్ని చికిత్సల్లోనూ తక్కువగా మెరుగుపడేది అదే. రోజంతా వచ్చే మూత్రంలో మూడోవంతుకు మించి రాత్రే వస్తుంటే తప్పు ప్రోస్టేట్‌ది కాకపోవచ్చు. గురక పెట్టి ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా, గుండె బలహీనత, కాళ్ల వాపు, సాయంత్రం వేసుకునే మాత్రలు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. మూడు రోజులు ఎప్పుడెంత వచ్చిందో కొలిచి రాసుకుంటే ఈ సంగతి బయటపడుతుంది. అది రాయించకుండానే ఆవిరి దాకా తీసుకెళ్లే డాక్టరును నేనైతే నమ్మను.

మళ్లీ చేయించుకున్నాయన

మా ఆఫీసులో ఒక సీనియర్ ఉన్నారు. యాభైల్లోనే యూరోలిఫ్ట్ చేయించుకున్నారు. కొన్నాళ్లు మంటగా ఉందన్నారు, రెండు వారాలకు హాయిగా ఉన్నారు. నాలుగేళ్ల తర్వాత ధార మళ్లీ సన్నబడింది. ఈసారి టీయూఆర్‌పీ చేయించుకున్నారు. డాక్టరు మాట అక్షరాలా నిజమైన మనిషి ఆయన. డబ్బు దండగైందని, మొదటే పెద్దది చేయించుకోవాల్సిందని అంటారేమోనని అడిగాను.

“నాలుగేళ్లు మాత్ర లేకుండా పడుకున్నా. కళ్లు తిరగలేదు. మా ఆవిడకూ నాకూ మధ్య ఏదీ మారలేదు. ఇంకేం కావాలి?” అన్నారు. రెండో ఆపరేషన్ నాటికి ఆయన బ్లాడర్ గట్టిగానే ఉంది, కాబట్టి దాని ఫలితమూ బాగుంది. ఈసారి వీర్యం పోతుందని తెలిసే సంతకం పెట్టారు.

రెజూమ్ చేయించుకున్న ఇంకొకాయన అంత సంతోషంగా లేరు. ఫలితం బాగాలేక కాదు. ఆవిరి తర్వాత వాపు వల్ల కేథటర్‌తో కొన్ని రోజులు ఉండాలని, మంట, ఆపుకోలేనితనం ముందు పెరిగి తర్వాత తగ్గుతాయని, పూర్తి మేలుకు రెండు మూడు నెలలు పడుతుందని ఆయనకెవరూ చెప్పలేదు. ‘పావుగంట పని, అదే రోజు ఇంటికెళ్లిపోవచ్చు’ అన్నారంతే. రెండూ నిజాలే. కానీ మొదటి మూడు వారాలు చికిత్స వికటించిందనే టెన్షన్‌తో ఆయన నిద్రపోలేదు. పెద్ద ఆపరేషన్ ఒక్కటే పరిష్కారమని భయపెట్టేవాళ్లతోనూ, చిన్న పనే అని నచ్చజెప్పేవాళ్లతోనూ పేషెంటుకు నష్టం ఒకే చోట జరుగుతోంది. తన ముందున్న దారులేమిటో, ఒక్కోదానికి ఏం వదులుకోవాలో అతనికి పూర్తిగా తెలియడం లేదు.

తన దగ్గర ఏ యంత్రం ఉంటే ఆ చికిత్స మంచిదని చెప్పడం మనిషి సహజం. అయినా ‘నేను ఇది చేయను, ఫలానా చోట చేస్తారు, మీకు అది నప్పవచ్చు’ అని చెప్పే డాక్టర్లూ ఉన్నారు. ఆ ఒక్క వాక్యం చెప్పడం డాక్టరు బాధ్యతలో భాగమని నేను నమ్ముతున్నాను.

మాత్రల మీద ఉన్నవాళ్లను నేను అడిగేది పెద్దదేం కాదు. ఏడాదికోసారి ధార వేగం కొలిచే యూరోఫ్లో పరీక్ష, మూత్రం పోసుకున్నాక బ్లాడర్‌లో ఎంత మిగిలిందో చూసే స్కానింగ్. రెండూ నొప్పిలేని పనులే. ధార వేగం సెకనుకు పది మిల్లీలీటర్ల లోపుకు దిగినా, మిగిలిపోయే మూత్రం ఏటేటా పెరుగుతున్నా, ఐపీఎస్ఎస్ మార్కులు ఎలా ఉన్నా సరే, కేథటర్ అవసరం పడేదాకా ఆగకుండా అప్పుడే అన్ని దారులూ అడగండి. మీతో వచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమని, మీరు ఏది పోగొట్టుకోలేరో డాక్టరుకు విడమరిచి చెప్పండి. ఆయన మీ వయసు గుర్తుచేస్తే, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి.